పాత దారి మూసిన పెదనాయన

సోమవారం పొద్దున షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోను మోగింది. రాచర్ల నుంచి పెదనాయన కూతురు. "అక్కా, నాయన పోయినాడు" అంది. ఏడవలేదు. ఎట్ల పోయాడో చెప్పలేదు, నేనూ అడగలేదు. షట్టరును అట్లాగే సగంలో వదిలేసి మెట్టు మీద కూలబడ్డాను.

ఉన్నమాట చెప్తాను. ముందు నాకు భయం వేసింది, ఏడుపు తర్వాత వచ్చింది. నాలుగు రోజుల కిందటే ఆయనకు ఫోనులో ఒక అబద్ధం చెప్పాను. ఆయన కోలుకుని షాపుకు వచ్చేలోపు ఆ అబద్ధాన్ని నిజం చేసేద్దాంలే అనుకున్నాను. ఇక ఆయన రాడు. నా అబద్ధం మాత్రం లోపల సర్వర్‌లో తలుపు బార్లా తీసుకుని కూర్చుని ఉంది. ఆ సంగతి దాచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే నా చెయ్యి పడిపోతుంది.

పెదనాయన అంటున్నాను గానీ మాకు చుట్టరికం లేదు. వాళ్లది రాచర్ల దగ్గర పల్లెలో చర్చి వీధి. మాది గిద్దలూరు పక్కన సేద్యం చేసుకునే ఇల్లు. మా నాయన కంటే రెండేళ్లు పెద్ద కాబట్టి పెదనాయన. మా వైపు వరస కలుపుకోవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. ఉద్యోగమంతా టెలిఫోను తీగలు లాగడంలో గడిపి, రిటైరయ్యాక కంప్యూటర్లు నేర్చుకుని, ఊళ్లో నాలుగు షాపుల కంప్యూటర్లు చూసేవాడు. అందులో నాదొకటి. నా నోరు మంచిది కాదని గిద్దలూరులో అందరికీ తెలుసు. ఆ నోటిని పదకొండేళ్లు భరించిన బయటి మనిషి ఆయనొక్కడే.

నాది ఫ్లెక్సీల షాపు. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, నాయకుల స్వాగతాలు అన్నీ వేస్తాం. కానీ మా పనిలో సగం చావులదే. మా వైపు ఏ ఇంట్లో మనిషి పోయినా సాయంత్రానికల్లా వీధి మొగదల ఫ్లెక్సీ లేవాలి. ఫోటో ఏదయ్యా అంటే, కూలి పనులకు పోయే ఇళ్లలో ఏముంటుంది? ఉపాధి హామీ కార్డు మీద బొటనవేలంత ముఖం తెస్తారు. పెళ్లి గుంపులో వెనక వరసలో నిలబడ్డ ముఖం తెస్తారు. మేము ఆ ముఖాన్ని కత్తిరించి, మరకలు తుడిచి, చొక్కా తొడిగి, మనిషంత చేసి నిలబెడతాం. ఏడాది తిరిగాక వర్ధంతికో జ్ఞాపకార్థ కూడికకో మళ్లీ వస్తారు. "పోయినేడు ఏసిందే ఎయ్యమ్మా" అంటారు. కార్డు ఎప్పుడో పోయి ఉంటుంది, ఫోను పగిలి ఉంటుంది. ఆ ముఖం మిగిలింది షాపు ఫైళ్లన్నీ దాచే మా సర్వర్‌లోనే. ఊరికొక ఫోల్డర్, అందులో మనిషికొక ఫైలు.

ఆ సర్వర్ ఉన్నది మెట్ల కింద ఇరుకు గదిలో. పెదనాయన చెప్పులు బయట విడిచి గానీ అందులో అడుగు పెట్టేవాడు కాదు.

"ఏంది పెదనాయనా, అది గుడా చర్చా?" అనేదాన్ని.

"దుమ్ము పాపా. దుమ్ముకి మతం లేదు" అనేవాడు.

ఒకసారి ఒక అవ్వ వచ్చింది, రాచర్ల అవతల పల్లె నుంచి. ఫ్లెక్సీ కావాలా అంటే వద్దంది. కొడుకును చూసిపోదామని వచ్చానంది. పనిలో ఉన్నానేమో, నాకు చిర్రెత్తింది. "అవ్వా, ఇది సినిమా హాలా?" అన్నాను. పెదనాయన కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోబెట్టి, రాచర్ల ఫోల్డర్ తెరిచి, కొడుకును తెర నిండా నిలబెట్టాడు. ఆమె కొంగుతో తెర తుడిచి చాలాసేపు చూసింది. "సన్నబడినాడు" అంది. చచ్చిపోయినవాడు సన్నబడడమేమిటో నాకు అర్థం కాలేదు గానీ నోరు మూసుకున్నాను. ఆమె వెళ్లాక పెదనాయన నాతో అన్నమాట ఇది: "ఆమెకి కొడుకు ఈడ తప్ప యాడా లేడు పాపా. నువ్వు గుర్తు పెట్టుకోవాల."

ఆ తర్వాతే ఆయన మొదటి వర్షన్ వెంట పడ్డాడు.

అదేమిటో తెలియనివాళ్లకు నాకు తెలిసినంత చెప్తాను. ఒక కంప్యూటర్‌లోని ఫైలు ఇంకొకటి తీసుకోవాలంటే వాటి మధ్య ఒక పద్ధతి ఉండాలి. దాన్ని ప్రోటోకాల్ అంటారు. మా సర్వర్‌కు అందులో మూడు వర్షన్లు వచ్చు. కొత్త కంప్యూటర్లు రెండోదాంతోనో మూడోదాంతోనో సర్వర్‌తో మాట్లాడతాయి. మా ఫ్లెక్సీ మిషన్‌కు తగిలించిన ముసలి కంప్యూటర్‌కు మాత్రం మొదటిది తప్ప రాదు. దాన్ని మార్చాలంటే మిషన్‌నే మార్చాలన్నారు మిషన్ అమ్మినవాళ్లు. అందుకని సర్వర్‌లో మొదటి వర్షన్‌ను కూడా తెరిచే ఉంచాం.

"పాతదైతే ఏం? పని చేస్తాంది కదా" అన్నాను.

"పాతదని కాదు పాపా. వచ్చినోడు ఎవడో అది గట్టిగా అడగదు. అదీ దాని జబ్బు" అన్నాడు.

నేను వినే రకం కాదని ఆయనకు తెలుసు. ఒకరోజు బస్సెక్కించి మార్కాపురం తీసుకెళ్లాడు. అక్కడ ఒక ప్రెస్సు. పట్టపగలు, షట్టరు తెరిచే ఉంది, మిషన్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఒక మిషన్ మీద సగం మడతపెట్టిన పెళ్లి కార్డులు అట్లాగే ఉన్నాయి. యజమాని కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫైలు మీద నొక్కుతున్నాడు. ఏదీ తెరుచుకోవడం లేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థం లేని ఏవో అక్షరాలు. ఎవడో ఎక్కడో ఉండి అన్నిటికీ తాళం వేసి, తాళంచెవికి డబ్బు పంపమన్నాడట. మేము పోయి పావుగంట నిలబడినా ఆయన మా వైపు తిరగలేదు. నొక్కుతూనే ఉన్నాడు.

బస్టాండులో నాకు టీ ఇప్పించి పెదనాయన అన్నాడు: "చూసినావా? దొంగ గోడ తవ్వలే. తీసిపెట్టిన దారిలోనే వచ్చినాడు." గిద్దలూరు వచ్చేదాకా నేను నోరు విప్పలేదు. నా పదకొండేళ్ల షాపులో అది రికార్డు.

అయినా ఆయన మరుసటి రోజే ఆపేయలేదు. ఆయన నాయన వాళ్ల ఊళ్లో చాటింపు వేసే మనిషి. నీళ్లు వదలాలన్నా, పశువుల డాక్టరు వస్తున్నాడన్నా ముందు ఊరంతా డప్పు కొట్టి చెప్పేవాడట. ఆ అలవాటు కొడుకు కంప్యూటర్లకు తెచ్చాడు. షాపు మధ్యలో నిలబడి, బల్ల మీద వేలి కణుపులతో దరువేసి, "అయ్యా, అమ్మా, వినండహో! వచ్చే బుధవారం తర్వాత బుధవారం, పదకొండు గంటలకి, మొదటి వర్షన్ ఆగిపోతాది. దాంతో పనుండేవాళ్లు ఇప్పుడే చెప్పాలహో!" అని కేకేశాడు. వింటున్నది నేను, ఇద్దరు డిజైనర్లు, మిషన్ ఆపరేటరు. పడీ పడీ నవ్వాం. ఆయన నవ్వలేదు. ఆ రెండు వారాలూ రోజూ వచ్చి, మొదటి వర్షన్‌తో సర్వర్ దగ్గరికి ఎవరెవరు వస్తున్నారో జాబితా తీశాడు. ఫ్లెక్సీ మిషన్ ఒక్కటే అనుకున్నాం. తీరా చూస్తే కౌంటర్లోని స్కానర్ కూడా ఆ దారిలోనే వస్తోంది. అది ఎవరికీ తెలియదు.

"చాటింపు వేసినా పలకనోడు ఒకడుంటాడు పాపా. వాడి కోసమే రెండు వారాలు" అన్నాడు.

స్కానర్‌ను రెండో వర్షన్‌కు మార్చాడు. ఫ్లెక్సీ మిషన్‌ను సర్వర్ నుంచి పూర్తిగా విడదీసి, రెంటికీ మధ్య ఇంకో కంప్యూటర్ పెట్టాడు. సర్వర్‌లోని డిజైను ముందు దాంట్లోకి రావాలి, దాంట్లో నుంచి మిషన్‌కు పోవాలి. మిషన్‌కు సర్వర్ కనిపించదు, సర్వర్‌కు మిషన్ కనిపించదు. చెప్పిన బుధవారం, చెప్పిన పదకొండు గంటలకు మొదటి వర్షన్‌ను ఆపి, నన్ను పిలిచి చూపించాడు. ప్రశ్న టైపు చేస్తే సర్వర్ జవాబు ఇచ్చింది: ఫాల్స్. అంటే ఆగినట్టు. ట్రూ అని వస్తే తెరిచి ఉన్నట్టు.

రెండేళ్లు ఏ గొడవా లేదు. మధ్య కంప్యూటర్ వల్ల ప్రతి ఫ్లెక్సీకీ ఐదు నిమిషాలు ఆలస్యమని ఆపరేటరు సణిగేవాడు, అతనికంటే ఎక్కువ నేను సణిగేదాన్ని. ఈ వేసవిలో పెదనాయనకు గుండె జబ్బు చేసింది. ఒంగోలు ఆస్పత్రిలో పెట్టారు. సరిగ్గా అప్పుడే ఒక నాయకుడి పుట్టినరోజు వచ్చి పడింది. చౌరస్తా నిండా ఫ్లెక్సీలు కావాలి. ఆ రోజే మధ్య కంప్యూటర్ చచ్చి ఊరుకుంది. బయట జనం, లోపల నా అరుపులు. ఇంకేముంది, ఫ్లెక్సీ మిషన్ తీగ తీసుకొచ్చి నేరుగా సర్వర్‌కు గుచ్చేశాను. పెదనాయన షాపులో ఉంచిన నోటుపుస్తకంలో రాసిపెట్టిన కమాండు చూసి మొదటి వర్షన్ తెరిచాను. ఎవరికీ చెప్పలేదు. ఈ ఒక్కరోజే అనుకున్నాను. ఆ ఒక్కరోజు రెండు నెలలైంది. ఐదు నిమిషాలు కలిసొస్తున్నాయి కదా, ఎందుకు మూస్తాను!

ఆయన పోవడానికి ముందు గురువారం ఆస్పత్రి నుంచి ఆయనే ఫోను చేశాడు. గొంతులో గాలి తప్ప బలం లేదు. ఒంట్లో ఎట్ల ఉందని అడగబోతే అడ్డుపడ్డాడు.

"పాపా, మొదటి వర్షన్ ఆగే ఉండాది కదా?"

"ఆగే ఉంది పెదనాయనా."

"ఒకసారి అడిగి చూడు. జవాబు నాకు చదువు."

గదిలోకి వెళ్లి టైపు చేశాను. తెర మీద ట్రూ అని వచ్చింది. రాకుండా ఎట్లా ఉంటుంది, తెరిచింది నేనే కదా. "ఫాల్స్ పెదనాయనా, ఫాల్స్" అని చదివాను.  "మంచిది తల్లీ" అని పెట్టేశాడు. అప్పుడైనా ఆపి ఉండాల్సింది. ఆయన శనివారం ఇంటికొస్తాడని, ఆదివారం తీరిగ్గా ఆపుదామని అనుకున్నాను. ఆదివారం రెండు పెళ్లిళ్ల ఫ్లెక్సీలు. ఒకాయన పెన్‌డ్రైవ్ తెస్తే తిన్నగా ఫ్లెక్సీ మిషన్‌కే పెట్టమని ఆపరేటరుకు చెప్పింది కూడా నేనే.

సోమవారం మెట్టు మీద నుంచి లేచి లోపలికి వెళ్లగానే ఆపేయాలనే అనుకున్నాను. ఆపితే ఫ్లెక్సీ మిషన్ ఆగిపోతుంది. ఆయన ఫ్లెక్సీ వేయాలి. వేరేవాళ్ల చేత వేయించడానికి నాకు మనసొప్పలేదు. ముందు ఆయనది వేసి, ఆ తర్వాత ఆపుదాం, ఆ దారిలో పోయే చివరి ఫైలు ఆయనదే అనుకున్నాను. మళ్లీ అదే పాట, ఈ ఒక్కటే.

మధ్యాహ్నానికి డిజైను నేనే చేశాను. "ప్రభువునందు నిద్రించినారు" అని పైన, కింద పేరు, నడుమ ముఖం. మా పాత మిషన్ ఫైలునంతా ఒకేసారి లోపలికి తీసుకోదు, సర్వర్ నుంచి కొంచెం కొంచెం లాక్కుంటూ పై నుంచి కిందికి వేస్తుంది. ఆయన జుట్టు వచ్చింది. నుదురు వస్తోంది. అప్పుడే డిజైనరమ్మాయి పిలిచింది: "అక్కా, అర్ధవీడు ఫోల్డర్లో ఫోటోలు తెరుచుకోట్లేదు."

పోయి చూశాను. ఫైళ్ల పేర్ల చివర అర్థం లేని అక్షరాలు.  ఇంగ్లీషు అక్షరాల వరసలో ఉన్న ఊళ్ల ఫోల్డర్లు, ఒక్కోటి తెరిచి చూశాను. కంభం పోయింది. గిద్దలూరు పోయింది. కొమరోలు పోయింది. కొనకనమిట్ల ఫోల్డర్‌లో నేను చూస్తుండగానే పేర్లు ఒకటి తర్వాత ఒకటి మారిపోతున్నాయి. చప్పుడు లేదు, పొగ లేదు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఎవరో కనిపించని మనిషి వరసగా ఒక్కో ముఖం మీద గుడ్డ కప్పుకుంటూ పోతున్నట్టు ఉంది. కాపీ డిస్కు ఉంది కదా అంటారేమో. వారం వారం తగిలించి, కాపీ అయ్యాక తీసి ఇంటికి తీసుకుపొమ్మని పెదనాయన నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. తీయడమెందుకని దాన్ని కూడా సర్వర్‌కే తగిలించి వదిలేశాను. అది అంతకుముందే పోయింది.

ఎవరు చేస్తున్నారో జాబితా తీస్తే ఒకే ఒక పేరు వచ్చింది. మా ఫ్లెక్సీ మిషన్ కంప్యూటర్, ఆదివారం నేను పెన్‌డ్రైవ్ పెట్టించింది దానికే. వర్షన్ మొదటిది. ఆ దారి కోసేస్తే అది ఆగుతుంది. దానితో పాటు ఆయన ముఖం కూడా ఆగుతుంది. మిషన్ వైపు చూశాను. కళ్లజోడు దాకా వచ్చాడు. ఇంకో పావుగంట ఆగితే ఆయన పూర్తవుతాడు. ఆ పావుగంటలో కొనకనమిట్ల అయిపోతుంది, మార్కాపురం పోతుంది, తర్వాత రాచర్ల. రాచర్లలో ఆ అవ్వ కొడుకు ఉన్నాడు.

కోసేశాను. మొదటి వర్షన్ ఆపే కమాండు టైపు చేసి, తెరిచి ఉన్న కనెక్షన్ తెంచి, అదీ చాలక తీగ కూడా పీకేశాను. మిషన్ రెండుసార్లు అటూ ఇటూ కదిలి నిలబడిపోయింది. ఫోల్డర్‌లో పేర్లు మారడం ఆగింది. సర్వర్‌ను అడిగితే ఈసారి ఫాల్స్ అంది. అప్పుడు ఏడ్చాను, ఆపరేటరు చూస్తున్నాడని కూడా చూడలేదు.

ఈ నాలుగు వారాల్లో తాళం పడినవేవీ తెరుచుకోలేదు. తెరుచుకుంటాయని ఎవరూ చెప్పడం లేదు. మిగిలినవాటిలో ఏం దాక్కుని ఉందోనని రోజూ పొద్దున భయపడుతూనే ఫోల్డర్లు తెరుస్తున్నాను. అర్ధవీడు, కంభం, గిద్దలూరు, కొమరోలు, కొనకనమిట్ల వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ ఇంటి మనిషి ముఖం పోగొట్టింది నేనే. తిట్టండి, పడతాను. కానీ మీ ఇంట్లో పాత ఫ్లెక్సీ ఉంటే చెప్పండి, నేనే వచ్చి ఫోటో తీసుకుంటాను. మా వైపు ఫ్లెక్సీని ఎవరూ పారేయరు. గడ్డివామి మీద కప్పుతారు, కొట్టం మీద పరుస్తారు. మొన్న కొనకనమిట్ల దగ్గర ఒక పల్లెకు పోతే, "మా మామ యాడికీ పోలేదు, మేకలకి కాపలా ఉండాడు, పైకి చూడు" అంది ఆ ఇంటి కోడలు. కొట్టంలో పెంటికల మీద వెల్లకిలా పడుకుని పైకప్పు ఫోటో తీశాను. ఎండకు రంగు పోయింది, మీసం, కళ్లు మిగిలాయి. అవి చాలు, మిగతాది కూర్చుని దిద్దుతాను. ఇట్లా ఇప్పటికి కొందరు దొరికారు.

ఒక్క సంగతి మిగిలింది. ఆ మర్నాడు మంగళవారం పెదనాయన భూస్థాపన. కళ్లజోడు దాకా ముఖం, దాని కింద తెల్లటి గుడ్డ, ఆ సగం ఫ్లెక్సీని చుట్టుకుని రాచర్ల పోయాను. వేరే షాపులో ఇంకోటి వేయించి తెస్తానని, ఇది నా తప్పని, గురువారం ఫోనులో చెప్పింది అబద్ధమని ఆయన కూతురి చేతులు పట్టుకుని చెప్పాను. ఆమె ఫ్లెక్సీ విప్పి చూసి, ఇదే కడతాం అక్కా అంది. తర్వాత చెప్పింది.

"నాయనకి తెలుసు అక్కా. సోమవారం తెల్లారే లేచి ఇస్త్రీ చొక్కా అడిగినాడు. ఈ ఒంటితో యాడికి నాయనా అంటే, గిద్దలూరుకి, పాప దారి మూయలే అన్నాడు. మూసినా అని చెప్పింది కదా అన్నా నేను. ఉన్నది చదివేటోళ్లు ఒకసారే చదువుతారు, పాప రెండుసార్లు చదివింది అన్నాడు. మరి ఫోన్ చేసి గట్టిగా అడగరాదా అంటే, అడిగితే పాపం ఇంకో అబద్ధం చెప్పాల్సొస్తాది, నేనే పోయి ఆపి వస్తాలే అన్నాడు. ఎంత చెప్పినా ఇనలే."

చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వాకిట్లో అరుగు మీద కూర్చున్నాడట. ఆటో వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు, ఆయన లేవలేదు. కునుకు పట్టిందేమోనని ఇంకోసారి కొట్టాడు. ఆటోలో అప్పటికే ముగ్గురున్నారట. పెద్దమనిషి ఎక్కుతాడని ముగ్గురూ ఒక పక్కకు జరిగి, ఆయనకు చోటు చేసి కూర్చున్నారట.